ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌ను మార్చండి: సీఎస్‌ఈ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంకేతిక విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ గౌరవ సభ్యులకు,

నమస్కారం.

కొత్త రెగ్యులేషన్, అంటే కోర్సు నియమావళి, వచ్చిన ప్రతిసారీ చర్చంతా సబ్జెక్టుల పేర్ల చుట్టూనే తిరుగుతుంది. మెషీన్ లెర్నింగ్ ఏ సెమిస్టర్‌లో పెట్టాలి, డేటా సైన్స్‌కు ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలి, ఎలక్టివ్‌లలో ఇంకేం చేర్చాలి అని. 160 క్రెడిట్ల లెక్క ఎలాగోలా సరిపోతుంది. నాలుగేళ్లు గడిచాక చూస్తే, మంచి మార్కులు వచ్చిన పిల్లలు కూడా యాభై లైన్ల సీ ప్రోగ్రామ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోలేక చేతులెత్తేస్తున్నారు. లోపం సిలబస్‌లో లేదు. సిలబస్‌లో ఉండాల్సినవి చాలావరకు ఉన్నాయి. లోపం ల్యాబ్ ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివర బయటి ఎగ్జామినర్ వచ్చి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష, జరిగే తీరులో ఉంది. ఆ ఒక్క పరీక్షను మార్చమని అడగడానికే ఈ లేఖ.

పరీక్ష ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. పన్నెండు, పదిహేను ప్రోగ్రాములతో ఒక ల్యాబ్ మాన్యువల్ ఉంటుంది. పరీక్ష రోజు వాటిలోంచే చిట్టీ తీస్తారు. విద్యార్థి మొదట కాగితం మీద ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్ రాసి చూపిస్తాడు. తర్వాత సిస్టమ్ ముందు కూర్చుని అదే టైపు చేస్తాడు. అవుట్‌పుట్ వస్తే ఎగ్జిక్యూషన్ మార్కులు పడతాయి. ఆపైన రెండు నిమిషాల వైవా (నోటి పరీక్ష), దాంట్లో నిర్వచనాలు. ఇలాంటి పరీక్షకు తెలివైన విద్యార్థి ఏం చేస్తాడు? పదిహేను ప్రోగ్రాములూ బట్టీ పడతాడు. తప్పు అతనిది కాదు. పరీక్ష ఏది అడుగుతుందో అదే చదివాడు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూడండి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో సింగ్లీ లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్. ఒక్కో గడి (నోడ్) తర్వాతి గడి చిరునామాను దాచుకునే గొలుసు ఇది. ఆ చిరునామాను పాయింటర్ అంటారు, మొదటి నోడ్‌ను చూపేది హెడ్. విద్యార్థి 10, 20, 30 ఇచ్చి, 20ని తొలగించి చూపిస్తాడు. లిస్ట్‌లో 10, 30 మిగులుతాయి. మార్కులు పడిపోతాయి. అదే ప్రోగ్రామ్‌లో 10ని తొలగించమనండి. మన మాన్యువళ్లలో తిరిగే రూపాల్లో తొలగించే ఫంక్షన్‌కు హెడ్ పాయింటర్‌ను విలువగా, అంటే దాని కాపీని, పంపడం మామూలే. ఫంక్షన్ లోపల హెడ్ మారినా, మెయిన్‌లో (ఆ ఫంక్షన్‌ను పిలిచిన ప్రధాన భాగంలో) ఉన్న హెడ్ మారదు. అది ఫ్రీ చేసేసిన, అంటే మెమరీని తిరిగి ఇచ్చేసిన, నోడ్‌నే చూపిస్తూ ఉంటుంది. ఆ తర్వాత లిస్ట్ ప్రింట్ చేస్తే ఒక కంపైలర్‌లో (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనం) పాత 10 చెక్కుచెదరకుండా కనబడుతుంది, ఇంకోదాంట్లో చెత్త సంఖ్య వస్తుంది, మరోచోట ప్రోగ్రామ్ కూలిపోతుంది. మూడింటికీ కారణం ఒకటే. పాయింటర్లంటే ఏమిటో అర్థమయ్యే చోటు సరిగ్గా ఇదే. పరీక్ష మధ్య నోడ్ తొలగించడంతో ఆగిపోతుంది కాబట్టి విద్యార్థి ఇక్కడిదాకా రావలసిన అవసరమే పడదు.

కాబట్టి ప్రోగ్రామ్ రాయమని అడగవద్దు. పాడైన ప్రోగ్రామ్ ఇచ్చి బాగుచేయమని అడగండి.

మేం కోరే రూపం ఇది. ఎక్స్‌టర్నల్‌కు 60 మార్కులు, మూడు గంటలు అనుకుందాం. 70 మార్కులున్న చోట అదే నిష్పత్తిలో పెంచుకోవచ్చు. విద్యార్థికి 60 నుంచి 80 లైన్ల ప్రోగ్రామ్ ఇవ్వాలి. వంద దాటితే చదవడానికే సమయమంతా పోతుంది, నలభై లోపు అయితే తప్పు కంటికి ఇట్టే కనబడిపోతుంది. దాంట్లో మూడు తప్పులు ఉండాలి, ఒక్కోటి ఒక్కో రకం. మొదటిది కంపైలర్ హెచ్చరికను చదివితే దొరికేది: ఇఫ్‌లో రెండు సమాన చిహ్నాలకు బదులు ఒకటే పెట్టడం, స్కాన్ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మరిచిపోవడం లాంటిది. రెండోది కొన్ని ఇన్‌పుట్‌లకే కూలిపోయేది: ఖాళీ లిస్ట్‌లోంచి తొలగించడం, అరే (విలువల వరుస) హద్దు దాటి ఒక గడి ముందుకు రాయడం. మూడోది చప్పుడు చేయకుండా తప్పు జవాబిచ్చేది. బైనరీ సెర్చ్ అంటే క్రమంలో ఉన్న విలువలను సగం సగం చేస్తూ వెతకడం, వెతికే భాగం రెండు కొసలు లో, హై. దాంట్లో ‘లో, హై కంటే తక్కువ లేదా సమానం’ అని ఉండాల్సిన చోట ‘తక్కువ’ అని మాత్రమే ఉంటే చాలా ఇన్‌పుట్‌లకు సరిగ్గానే పనిచేస్తుంది. ఒకే మూలకం ఉన్న అరే ఇస్తే ఉన్నదాన్ని లేదంటుంది. ఒక్కో తప్పుకు 8 మార్కులు: పట్టుకున్నందుకు మూడు, సరిచేసినందుకు మూడు, ఎందుకలా జరిగిందో రెండు వాక్యాల్లో రాసినందుకు రెండు. అవి 24. ఆ ప్రోగ్రామ్‌లోనే చిన్న మార్పు ఒకటి, ‘చివరి నోడ్ తొలగించేలా ఇంకో ఫంక్షన్ చేర్చు’ లాంటిది, దానికి 16. విద్యార్థే ఆలోచించి రాసిన నాలుగు టెస్ట్ ఇన్‌పుట్‌లు, ఒక్కోటి ఏ తప్పును బయటపెట్టడానికో రాస్తే 8. మిగిలిన 12 వైవాకు.

దీంట్లో ఇబ్బందులు ఉన్నాయి, ముందే చెప్పాలి. పన్నెండు ప్రోగ్రాములకు ఒక్కోదానికి అయిదు పాడు చేసిన రూపాలు తయారుచేస్తే 60 ప్రశ్నలు అవుతాయి. రెండేళ్లలో అవన్నీ జిరాక్స్ షాపుల్లో దొరుకుతాయి. వేరియబుల్ పేర్లు మార్చి కొత్త ప్రశ్న అనిపించుకోవడం కుదరదు, పిల్లలు వెంటనే పట్టేస్తారు. తప్పు ఉండే చోటే మారాలి. ఏటా ఒక్కో అనుబంధ కళాశాల రెండు కొత్త రూపాలు పంపాలన్న నియమం పెడితే ప్రశ్నల బ్యాంకు తనంతట తానే పెరుగుతుంది. తప్పులను కనిపెట్టి రాయడం అధ్యాపకులకు కూడా మంచి అభ్యాసం, ఇది మాటవరసకు అంటున్నది కాదు.

దిద్దడం మరో సమస్య. డెబ్బై మంది కోడ్‌ను కంటితో చూసి మార్కులు వేయమంటే ఎవరివల్లా కాదు, చివరకు మళ్లీ ‘అవుట్‌పుట్ వచ్చిందా?’ దగ్గరికే వస్తాం. ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ చాలు: ప్రతి ప్రోగ్రామ్‌కు ఎనిమిది ఇన్‌పుట్ ఫైళ్లు ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌ను సరైనదానితో పోల్చేది. మొదటిసారి చేసేటప్పుడు ఇది మూడు చోట్ల దెబ్బతింటుంది. ఎవరి ప్రోగ్రామో అంతులేని లూప్‌లో పడితే మొత్తం దిద్దుబాటు అక్కడే ఆగిపోతుంది. అందుకే ప్రతి రన్‌ను ‘టైమౌట్’ ఆదేశంతో రెండు సెకన్లకు కట్టేయాలి. ‘ఎంటర్ ద నంబర్’ అంటూ ప్రోగ్రామ్ ప్రింట్ చేసే ప్రాంప్ట్‌లు అవుట్‌పుట్‌లో కలిసిపోయి సరైన జవాబు కూడా తప్పుగా తేలుతుంది. ఫలితం తప్ప మరేమీ ప్రింట్ చేయకూడదని ప్రశ్నపత్రంలోనే రాయాలి. లైను చివర మిగిలిన ఒక ఖాళీ కారణంగా విద్యార్థి మార్కులు పోకూడదు, కాబట్టి పోలికలో ఖాళీలను వదిలేసే ఎంపిక పెట్టాలి.

వైవా లెక్క కూడా వేసి చూశాం. ముప్పై అయిదు మంది బ్యాచ్‌లో మనిషికి ఆరు నిమిషాలంటే 210 నిమిషాలు. ఒక్క ఎగ్జామినర్‌తో మూడు గంటల్లో అవదు. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ ఇద్దరూ విడివిడిగా కూర్చుంటే దాదాపు గంటా నలభై అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. ఆ ఆరు నిమిషాలూ విద్యార్థి సరిచేసిన కోడ్ మీదే సాగాలి. ‘స్టాక్ అంటే ఏమిటి?’ అని కాదు. ‘ఈ లైను తీసేస్తే ఏమవుతుంది? ముందు చెప్పు, తర్వాత తీసి చూద్దాం’ అని. నిర్వచనాలకు థియరీ పేపర్ ఉంది.

వైవా తెలుగులో చెప్పే వీలు ఉత్తర్వులోనే రాతపూర్వకంగా ఇవ్వాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2021లోనే దారి తెరిచింది. మొత్తం డిగ్రీ తెలుగులో ఉండాలా వద్దా అన్నది పెద్ద చర్చ, దాన్ని ఇక్కడికి తేవడం లేదు. కానీ జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి వచ్చిన పిల్ల ‘హెడ్ మారింది గానీ మెయిన్‌లో మారలేదు మేడమ్, కాపీ వెళ్లింది’ అని చెప్తే అది పూర్తి మార్కుల జవాబు. అదే విషయం ఇంగ్లీషులో చెప్పమంటే ఆ పిల్ల మౌనంగా నిలబడుతుంది, మనం ‘రాదు’ అని రాసుకుంటాం. కంపైలర్ హెచ్చరికలు ఎలాగూ ఇంగ్లీషులోనే వస్తాయి, అవి చదవడం అందరూ నేర్చుకోవలసిందే. అర్థమైందా లేదా అని తేల్చడానికి మాత్రం భాష అడ్డం రాకూడదు.

ఇక టర్బో సీ అనే పాత కంపైలర్ సంగతి. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో 1990ల తొలినాళ్ల టర్బో సీ ప్లస్ ప్లస్‌ను డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనుకరించే సాధనం) నడుపుతున్నారు. పాతదైనందుకు కాదు మా అభ్యంతరం, అది తప్పులను దాచిపెడుతుంది. దాంట్లో ఇంట్ (పూర్ణాంకాల రకం) 16 బిట్లు, అంటే గరిష్ఠం 32,767. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్‌లో ఇంట్ వాడి 8 ఇస్తే 40,320కి బదులు మైనస్ 25,216 వస్తుంది. ఇది ఓవర్‌ఫ్లో (సంఖ్య ఉన్న చోటులో పట్టకపోవడం) నేర్పడానికి చక్కని సందర్భం, కానీ మాన్యువల్‌లో నమూనా ఇన్‌పుట్ ఎప్పుడూ 5 దగ్గరే ఉంటుంది. అంతకంటే ప్రమాదం మరొకటి. డాస్‌లో మెమరీ రక్షణ లేదు. దేన్నీ చూపించని నల్ పాయింటర్ ద్వారా రాసినా ప్రోగ్రామ్ సాగిపోతుంది, మహా అయితే చివర్లో ‘నల్ పాయింటర్ అసైన్‌మెంట్’ అని ఒక లైను వస్తుంది. లినక్స్‌లో అదే పని చేస్తే అక్కడికక్కడ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. లినక్స్‌లో వాడే కంపైలర్ జీసీసీ. పిల్లలు ‘జీసీసీలో రావట్లేదు సార్, టర్బోలో వస్తోంది’ అంటారు. టర్బోలో కూడా రావట్లేదు, తప్పు కనబడటం లేదంతే.

జీసీసీ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ముఖ్యమైన హెచ్చరికలు చాలావరకు చూపించే ‘వాల్’, ‘ఎక్స్‌ట్రా’ ఫ్లాగులు (కంపైలర్‌కు ఇచ్చే ఎంపికలు), డీబగ్ సమాచారానికి ‘జీ’ ఫ్లాగ్, వాటితోపాటు మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్. ఈ నాలుగూ లేకుండా ల్యాబ్‌లో కంపైల్ చేయకూడదన్న నియమం ఉండాలి. పైన చెప్పిన లింక్డ్ లిస్ట్ తప్పును అడ్రస్ శానిటైజర్ ఎలా చూపిస్తుందో గమనించండి: ఫ్రీ చేసిన మెమరీని ఏ లైనులో వాడారో, దాన్ని ఏ లైనులో ఫ్రీ చేశారో, మొదట ఏ లైనులో కేటాయించారో, మూడూ ఒకేచోట. ‘జీ’ ఫ్లాగ్ మరిచిపోతే లైను నంబర్లు రావు, హెక్స్ చిరునామాలు వస్తాయి, అవి చూసి పిల్లలు బెదిరిపోతారు. విండోస్‌లో మిన్‌జీడబ్ల్యూ (జీసీసీకి విండోస్ రూపం) వాడే ల్యాబుల్లో ఈ శానిటైజర్ సాధారణంగా పనిచేయదు. అందుకే ల్యాబ్ యంత్రాల్లో లినక్స్ తప్పనిసరి చేయమంటున్నాం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లకు ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ సరిపోతుంది, కొత్త కొనుగోళ్ల పనిలేదు. ఒక యంత్రంలో సరిగ్గా పెట్టి డిస్క్ ఇమేజ్‌ను మిగతావాటికి కాపీ చేసుకోవచ్చు. కాపీ చేశాక ఒక్కోదానికి హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు) మార్చడం మరవకూడదు, లేకపోతే ఏ సిస్టమ్ నుంచి ఏ జవాబు వచ్చిందో తేలదు.

మాన్యువళ్లలో ఇంకా కనబడే, కీబోర్డు నుంచి ఒక లైను చదివే ‘గెట్స్’ ఫంక్షన్‌ను ఈ సంవత్సరమే కొట్టేయండి. ఎంత పొడవు చదవాలో దానికి చెప్పే వీలే లేదు. 1988లో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మారిస్ వర్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) దూరిన దారుల్లో ఒకటి ఈ ఫంక్షనే. 2011 సీ ప్రమాణం దాన్ని పూర్తిగా తొలగించింది. మనం మాత్రం మొదటి సంవత్సరంలోనే నేర్పుతున్నాం.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరీక్ష రూపం మారినా అక్కడి ప్రయోగాలు మారకపోతే ఉపయోగం లేదు. ఇప్పుడు షెడ్యూలింగ్ (ఏ ప్రోగ్రామ్‌కు ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో తేల్చడం) ప్రయోగమంటే బర్స్ట్ టైమ్‌లు (ఒక్కోదానికి కావలసిన సీపీయూ సమయం) కీబోర్డు నుంచి తీసుకుని, సగటు వెయిటింగ్ టైమ్ కూడికలు చేసే సీ ప్రోగ్రామ్. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అది తాకనే తాకదు, అది అంకగణితం. దాని బదులు ఇది చేయించండి. ఊరికే లూప్ తిరిగే చిన్న ప్రోగ్రామ్ ఒకటి. దాన్ని ఒకే టెర్మినల్ నుంచి రెండుసార్లు బ్యాక్‌గ్రౌండ్‌లో నడపాలి, రెండింటినీ ‘టాస్క్‌సెట్’తో ఒకే సీపీయూ కోర్‌కు కట్టాలి, ఒకదానికి నైస్ విలువ (ఇది పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది) 0, మరోదానికి 10. ఏది ఎంత సీపీయూ వాడుతోందో చూపే ‘టాప్’ తెరిస్తే ఒకటి దాదాపు 90 శాతం, మరొకటి 10 శాతం సీపీయూ తీసుకుంటూ కనబడతాయి. ఎందుకు 90 అంటే, లినక్స్ షెడ్యూలర్‌లో నైస్ 0 బరువు 1024, నైస్ 10 బరువు 110. కాగితం మీద భాగించి చూసుకుంటే తెర మీద ఉన్న సంఖ్యే వస్తుంది. టాస్క్‌సెట్ మరిచిపోతే రెండూ వేర్వేరు కోర్ల మీద చెరో 100 శాతం నడుస్తాయి. రెండు వేర్వేరు టెర్మినళ్ల నుంచి నడిపితే చెరో 50 దగ్గర ఆగే అవకాశం ఉంది, ఎందుకంటే చాలా డెస్క్‌టాప్ లినక్స్‌లలో ఆటోగ్రూప్ అనే ఏర్పాటు ఒక్కో టెర్మినల్‌ను ఒక్కో గుంపుగా చూసి గుంపులకు సమానంగా పంచుతుంది. ఈ రెండు ‘వైఫల్యాలు’ చూసి కారణం కనుక్కున్న విద్యార్థికి షెడ్యూలింగ్ అర్థమైనట్టే.

రెండో ప్రయోగం రెండు థ్రెడ్‌లది, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు పనులది. ఒకే కౌంటర్‌ను ఒక్కో థ్రెడ్ పది లక్షలసార్లు ఒకటి చొప్పున పెంచుతుంది. ఇరవై లక్షలు రావాలి. రాదు, తక్కువ వస్తుంది, నడిపిన ప్రతిసారీ వేరే సంఖ్య వస్తుంది. కౌంటర్‌ను ఒకటి పెంచడం ఒక్క పని కాదు: మెమరీ నుంచి చదవడం, కలపడం, తిరిగి రాయడం. ఒక థ్రెడ్ చదివి రాసేలోపు రెండోది పాత విలువనే చదివేస్తుంది. మాన్యువల్‌లో పెట్టేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. పది లక్షలకు బదులు వెయ్యి పెడితే రెండో థ్రెడ్ మొదలయ్యేలోపే మొదటిది ముగించేస్తుంది, దాదాపు ఎప్పుడూ సరైన జవాబే వస్తుంది. ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ పెడితే కంపైలర్ మొత్తం లూప్‌ను ఒక్క కూడికగా మార్చేయవచ్చు, అప్పుడూ తప్పు మాయమవుతుంది. ఒకే కోర్ ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లో అరుదుగా తప్ప కనబడదు. తప్పును ముందు కళ్లారా చూశాకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే తాళం) పెట్టించాలి. ఇప్పుడు ఆ క్రమం తిరగబడి ఉంది. జబ్బు చూపించకుండా మందు పేరు రాయిస్తున్నాం.

కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ ప్రయోగాల్లో ఎవరో ఒకరు లూప్‌లో ఫోర్క్ పెట్టి యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేస్తారు. దానికి శిక్ష వద్దు. ఒక్కో యూజర్‌కు ప్రాసెస్‌ల పరిమితి వెయ్యి దగ్గర పెడితే చాలు. మరీ తక్కువ పెడితే బ్రౌజర్ థ్రెడ్‌లు కూడా ఆ లెక్కలోకే వచ్చి మామూలు పని ఆగిపోతుంది.

డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్‌లో మారవలసింది ఒక్కటే, టేబుల్ పరిమాణం. అయిదు వరుసల ఎంప్లాయీ టేబుల్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టించడం వృథా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అంత చిన్న టేబుల్ ఒక్క 8 కేబీ పేజీలో పట్టేస్తుంది, ఇండెక్స్ ఉన్నా అది వాడదు. ‘జనరేట్ సిరీస్’తో పది లక్షల వరుసలు నింపి, ఇండెక్స్‌కు ముందూ తర్వాతా, వెతుకులాట ఎలా, ఎంతసేపు జరిగిందో చూపే ‘ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్’ నడిపించండి. సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ అంతా వరుసగా చదవడం) కాస్తా ఇండెక్స్ స్కాన్‌గా మారడం, సమయం పడిపోవడం విద్యార్థికి తానుగా కనబడుతుంది.

రికార్డు పుస్తకం గురించి. ప్రోగ్రామ్‌ను చేత్తో రాసి, అవుట్‌పుట్ అతికించి, సంతకం చేయించుకునే ఈ పనికి ఒక్కో సెమిస్టర్‌లో పోయే గంటలు అన్నీఇన్నీ కావు. దాని స్థానంలో కోడ్‌లో జరిగిన ప్రతి మార్పును చరిత్రగా దాచే గిట్ రిపాజిటరీ పెట్టండి. ఇంటర్నెట్ అక్కర్లేదు, కళాశాల సర్వర్‌లో ఒక్కో విద్యార్థికి ఒక బేర్ రిపాజిటరీ చాలు. ప్రతి వారం కోడ్‌తో పాటు ‘తప్పుల పుస్తకం’ అనే ఒక ఫైలు: ఈ వారం వచ్చిన తప్పు, దాని కారణం, ఎలా దొరికింది, అయిదారు లైన్లలో. గిట్‌లో కమిట్ (మార్పును నమోదు చేసిన) తేదీని ఎవరైనా మార్చుకోవచ్చు, కాబట్టి దాన్ని నమ్మి మార్కులు వేయకండి. సర్వర్‌కు పుష్ (విద్యార్థి పంపిన పని) అందిన సమయాన్ని నమోదు చేయించి దాన్నే చూడండి. సెమిస్టర్ చివరి రాత్రి పన్నెండు వారాల పనీ ఒకేసారి పుష్ అయితే అది అక్కడే తెలిసిపోతుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకు కూడా ఇదే చరిత్ర అడగండి. బయట కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు కోడ్ ఉంటుంది, సీడీ ఉంటుంది, బైండింగ్ ఉంటుంది. నాలుగు నెలల తప్పుల చరిత్ర ఉండదు.

ఏఐ సాధనాలు వచ్చాక ఇదంతా ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకైతే అవి వచ్చినందుకే ఇది అత్యవసరం అనిపిస్తోంది. మాన్యువల్‌లోని ఏ ప్రోగ్రామ్‌నైనా అవి సెకన్లలో రాసిస్తాయి, అంటే మనం 60 మార్కులు వేస్తున్న పని విలువ పడిపోయింది. అవి రాసిచ్చిన కోడ్‌ను చదివి, ఎక్కడ తప్పుందో చెప్పగలగడమే ఇక ఇంజనీర్ పని. ఇంటి దగ్గర వాడుకోనివ్వండి. పరీక్ష గదిలో మాత్రం నెట్‌వర్క్ తీసేసి, యంత్రంలో ఉండే మ్యాన్ పేజీలు (ఆదేశాల, ఫంక్షన్ల వివరణ పుటలు) చూసుకునే స్వేచ్ఛ ఇవ్వండి. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల వరుస గుర్తుపెట్టుకోవడం పరీక్షించదగ్గ విషయం కాదు.

అన్ని ల్యాబులూ ఒకేసారి మార్చమని అడగడం లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి ఏడాది సీ ల్యాబ్ ఒక్కదానితో మొదలుపెట్టండి. ఉత్తర్వులో నాలుగు విషయాలుంటే చాలు: జీసీసీ, పైన చెప్పిన ఫ్లాగులు తప్పనిసరి; ఎక్స్‌టర్నల్‌లో పాడైన ప్రోగ్రామ్ ఇవ్వాలి; వైవా తెలుగులోనూ చెప్పవచ్చు; చేతిరాత రికార్డు బదులు గిట్, తప్పుల పుస్తకం. సెమిస్టర్ మొదటి వారంలోనే నమూనా ప్రశ్నలు మూడు విడుదల చేయండి, పరీక్ష ముందు రోజు కాదు. అలవాటు లేని పరీక్షలో మొదటి బ్యాచ్ మార్కులు తగ్గుతాయి. దానివల్ల ఎవరూ నష్టపోకుండా ఆ ఏడాది ఇంటర్నల్స్‌లో ఇదే పద్ధతితో రెండు మాక్ పరీక్షలు పెట్టించాలి. సీ ల్యాబ్‌కు సరిపడే పాడు చేసిన ప్రోగ్రాములు, వాటి టెస్ట్ ఫైళ్లు, దిద్దే స్క్రిప్టు తయారుచేసి ఉచితంగా ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. మీ తదుపరి సమావేశం అజెండాలో దీన్ని ఒక అంశంగా చేర్చి, మాకు ఓ అరగంట సమయం ఇస్తే ఒక ప్రశ్నను మీ ముందే నడిపి చూపిస్తాం.

ఇట్లు,
సీఎస్‌ఈ ల్యాబుల్లో బోధిస్తున్న, పరీక్షలు నిర్వహిస్తున్న కొందరు అధ్యాపకులు